పక్కింటి పిల్లి తప్పేమీ లేదు

మొన్న చల్లపల్లిలో మా ఆవిడ తరఫు బంధువుల గృహప్రవేశానికి వెళ్ళాం. భోజనాలయ్యాక ఒక పెద్దాయన చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"భవానీపురంలో కోళ్ళ దొంగను పట్టింది మీరేనంటగా?" అన్నాడు.

నేను అవుననలేదు, కాదనలేదు. నోట్లో కిళ్ళీ ఉంది.

"మా దొడ్లో కూడా ఏదో పడుతోందండీ. పెట్టలు ఒక్కోటీ మాయమైపోతన్నయి. మీరొక్కసారి వచ్చి చూసి పోతే మాకు ధైర్యంగా ఉంటది."

జ్వరం చూడ్డానికి డాక్టరును పిలిచినట్టు పిలిచాడు. పట్టుపంచె పైకెత్తి పట్టుకుని ఆయన వెనకాలే వెళ్ళాను. గూడు చుట్టూ తిరిగి, జాలీ మీద రెండు వేళ్ళతో తట్టి, "కన్నాలు పెద్దవి" అన్నాను. చుట్టూ చేరినవాళ్ళందరూ గంభీరంగా తలలూపారు. కళ్ళున్నవాళ్ళెవరైనా చెప్పగలిగిన మాట అది. అయినా బస్సెక్కేటప్పుడు చక్కెరకేళీ అత్తం ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

బస్సు ఉయ్యూరు దాటేదాకా మా ఆవిడ మాట్లాడలేదు. దాటాక, కిటికీలోంచి బయటికి చూస్తూనే, "ఆ అరటిపళ్ళు ఎవరికి చెందాలో మీకు తెలుసు" అంది.

తెలుసు. పక్కింటి పిల్లికి చెందాలి. పిల్లి అరటిపళ్ళు తినదు కాబట్టి దాన్ని పెంచిన పిన్నిగారికి చెందాలి.

నోటితో చెబితే ఎవరూ నమ్మడం లేదు కనుక రాస్తున్నాను. మా కోడిని తిన్నది పిన్నిగారి పిల్లి కాదు, ముంగిస. ఆ ముంగిసకు మా గూటి దారి చూపించింది నేను. పిల్లి మీద నింద వేసింది నేను. దాన్ని ఊరు దాటించింది కూడా, పైకి పిన్నిగారే అయినా, నిజానికి నేనే.

మా ఇల్లు భవానీపురంలో ఒక చిన్న కాలనీ చివర ఉంటుంది. పెరటి గోడ అవతల ఎవరిదో ఖాళీ స్థలం. అందులో ముళ్ళకంప, కంప మధ్యలో నడుమెత్తు పుట్ట. కాలనీ ఆడవాళ్ళు నాగులచవితికి పాలు పోసేది ఆ పుట్టలోనే. ఆ స్థలం వల్ల మా పెరట్లోకి మిడతలు, తేళ్ళు, అప్పుడప్పుడూ ఒక జెర్రిపోతు వస్తుండేవి. కోళ్ళు పెంచడానికి ఇంతకంటే అధ్వాన్నమైన చోటు ఉండదు. అయినా మా అత్తగారు ఒకసారి చల్లపల్లి నుంచి గంపలో నాలుగైదు నాటు పెట్టల్నీ ఒక పుంజునూ పెట్టుకుని, పైన చీర కప్పి, బస్సులో దిగారు.

"కాలనీలో ఇల్లు కట్టుకున్నంత మాత్రాన నాటుగుడ్డు మానెయ్యాలా?" అంది మా ఆవిడ. నన్నెవరూ అడగలేదు.

నాకు అప్పగించిన పని గూడు. మేడ మీద పనికిరాని ఎయిర్ కూలర్లు రెండు పడి ఉన్నాయి. లోపలి ఫ్యాన్లు, మోటార్లు పీకేసి, రెండు డొల్లల్నీ పక్కపక్కనే పెట్టి తీగతో కట్టాను. మూడు పక్కలా ఇనుప జాలీ బిగించాను. వర్షానికి పైన రేకు వేశాను. కోళ్ళు అందులోకి మొదటిసారి వెళ్ళినప్పుడు ఏసీ బస్సెక్కిన పెళ్ళివారిలా అటూ ఇటూ చూశాయి. అన్నిటికంటే నాకు గర్వంగా ఉన్నది వెనకవైపు కోసిన చిన్న కిటికీ. గూడు తలుపు తెరవకుండా, కోళ్ళను బెదరగొట్టకుండా, చెయ్యి పెట్టి గుడ్డు తీసుకోవడానికి. దానికొక గడియ. వచ్చినవాళ్ళందరికీ ముందు కాఫీ ఇచ్చి తరవాత ఆ కిటికీ చూపించేవాణ్ణి.

ఆ రోజుల్లో నేను శత్రువులనుకున్నవాళ్ళు వేరు. గద్దలకు భయపడి కృష్ణ ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ దగ్గర పాత వల ఒకటి తెచ్చి పెరటి మీద కట్టాను. గద్ద ఒక్కటీ పడలేదు. బట్టలారేయడానికొచ్చిన మా ఆవిడ రెండుసార్లు పడింది. కాకుల కోసం పాత సీడీలు దారాలకు వేలాడదీశాను. వాటి మీద పడిన ఎండ ఎదురింటి మేడ మీద గడ్డం గీసుకుంటున్న రిటైర్డ్ తహసీల్దారు గారి కళ్ళలో పడి ఆయన చెంప తెగింది. ఆయన మా కాలనీ సంఘానికి పెద్ద కూడా. చెంపకు దూది అంటించుకుని వచ్చి, "కాకులకు ఇబ్బందిగా ఉందో లేదో గానీ నాకు మాత్రం ఉందండీ" అన్నారు. సీడీలు తీసేశాను.

వీధికుక్కల కోసం ఫోన్లో పెద్ద జాతికుక్క అరుపు పెట్టి, స్పీకరును గూటి మీద ఉంచాను. సాయంత్రం మొదలుపెడితే చీకటి పడేలోపు ఐరన్ యార్డు దాకా ఉన్న వీధికుక్కలన్నీ మా గేటు ముందు పోగయ్యాయి, ఆ కొత్తవాడెవడో చూద్దామని. చివరికి స్పీకర్లో వార్తా ఛానెల్ చర్చ పెట్టాను. నలుగురు పెద్దమనుషులు ఒకేసారి అరుస్తుంటే కుక్కలు వెళ్ళిపోయాయి. కోళ్ళు కూడా వారం రోజులు గుడ్లు మానేశాయి.

ఇన్ని చేసినవాణ్ణి ముంగిసకు మాత్రం ఏమీ చెయ్యలేదు. ఎందుకో చెప్పాలి.

ఆ వేసవిలో మా ఆఫీసులో బదిలీలు. ఈసారి నాకు తప్పదని అందరూ అనుకున్నారు. జాబితా వచ్చే రోజు పొద్దున స్కూటర్ తీస్తుంటే గోడ మీది నుంచి ఒక ముంగిస దిగి, సరిగ్గా నాకు ఎదురుగా, కుడి నుంచి ఎడమకు దాటింది. మధ్యాహ్నం జాబితా వచ్చింది. అందులో నా పేరు లేదు.

ముంగిస ఎదురొస్తే మంచిదని మా ఇళ్ళలో చిన్నప్పటి నుంచి వింటున్నదే. పిల్లి ఎదురొస్తే మాత్రం వెనక్కి వెళ్ళి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. నేను డిగ్రీ చదివాను. ఆఫీసులో సైన్సు గురించి మాట్లాడతాను. అయినా పిన్నిగారి పిల్లి ఎదురైన ప్రతిసారీ వెనక్కెళ్ళి మంచినీళ్ళు తాగాను. నాకు కిడ్నీలో రాళ్ళు రాకపోవడం ఆ ఇంటి పిల్లి వల్లేనని డాక్టరు అంటే నమ్ముతాను.

జాబితా తరవాత ముంగిస రోజూ కనపడితే బాగుండుననిపించింది. అది రోజూ రాదు. రప్పించడం ఎలా? మా ఆవిడ లేవక ముందే పెరట్లోకి వెళ్ళి, కిటికీ గడియ తీసి, లోపలి మూలన పొదిగే చోట నల్ల పెట్ట పెట్టిన గుడ్డు తీసి, గోడ పక్క ఇటుక మీద పెట్టాను. మొదటి రోజు రాలేదు. రెండో రోజు గుడ్డు లేదు. తరవాత నుంచి నేను స్కూటర్ తీసే వేళకు అది ఇటుక దగ్గర తయారుగా ఉండేది. మూతి తుడుచుకుంటూ ఎదురుగా దాటేది. శుభశకునాన్ని నెలసరి చందా కట్టి తెప్పించుకున్నట్టు తెప్పించుకున్నాను.

లోపల మా ఆవిడ నల్ల పెట్టతో గొడవ పడేది. "మిగతావన్నీ పెడుతున్నాయి. నీకేం వచ్చిందే? నూకలు తింటావు, తవుడు తింటావు, గుడ్డు మాత్రం ఉండదు. తిండి దండగ. వచ్చే ఆదివారం కూర చేసేస్తా చూడు." పెట్ట తల పక్కకు తిప్పి నన్ను చూసేది. నేను పేపరు చదివేవాణ్ణి.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం గూట్లో నల్ల పెట్ట లేదు. నేనే ముందు చూశాను. కిటికీ తెరిచి ఉంది. ముందురోజు హడావుడిలో గడియ వెయ్యడం మర్చిపోయానన్న సంగతి ఆ క్షణంలోనే నాకు తెలిసింది. మా ఆవిడ రాకముందే చప్పుడు లేకుండా గడియ వేసేశాను. ఆ తరవాత "ఏమే! ఘోరం జరిగిపోయింది!" అని అరిచాను.

అప్పుడే పిన్నిగారి పిల్లి ప్రహరీ గోడ మీద కూర్చుని పంజా నాకుతోంది. దాని ఖర్మ.

పిన్నిగారి గురించి చెప్పాలి. మగ్గాల ఇంటి ఆడపడుచు. భర్త పోయాక ముందు గదిలోనే మంగళగిరి నేత చీరలు పెట్టి అమ్ముతారు. నా చిన్నప్పుడు మా అమ్మకు ఎలాంటి చీరలుండేవో అలాంటివి ఆవిడ దగ్గర దొరుకుతాయి. పిల్లిని ముద్దుకోసం పెంచలేదు. చీరల బీరువాలకు ఎలుకల బెడద. ఆ ఇంట్లో పిల్లి ఉద్యోగం చేస్తోంది, నాకంటే బాధ్యతగా.

ఆ ఆదివారం మా పెరట్లో విచారణ జరిగింది. ఇది నేను ఊహించి రాయడం లేదు. తహసీల్దారు గారు ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని గూటికి ఎదురుగా కూర్చున్నారు. వీధిలో వాళ్ళందరూ కాఫీ గ్లాసులతో నిలబడ్డారు. పిన్నిగారు చీరల అట్టడబ్బాలో పిల్లిని పెట్టుకుని వచ్చారు.

"ముద్దాయిని ప్రవేశపెట్టండి" అన్నారు తహసీల్దారు గారు.

"ముద్దాయేంటండీ, అది మా పిల్లి."

"విచారణ పూర్తయ్యేదాకా ముద్దాయే అమ్మా. ఆ తరవాత పిల్లి."

గూడు తలుపు తీశారు. పిల్లిని కోళ్ళ ముందు దించారు. కోళ్ళు గుర్తుపడతాయేమో చూడాలని తహసీల్దారు గారి ఆలోచన. కోళ్ళు మట్టి కెలుక్కుంటూ ఉండిపోయాయి. పుంజు మాత్రం వచ్చి పిల్లి తోక మీద ఒక పోటు పొడిచింది. పిల్లి వెళ్ళి పిన్నిగారి కుచ్చిళ్ళ వెనక దాక్కుంది.

నేను వెంటనే అందుకున్నాను. "చూశారా, తప్పు చేసింది కాబట్టే మొహం చాటేస్తోంది."

"అది కాదండీ," అన్నాడు మూలింటి ఇన్సూరెన్స్ ఏజెంటు. "కోళ్ళు భయపడాలిగా? ఒక్కటీ అరవలేదే?"

"భయంతో నోట మాట రావట్లేదండీ వాటికి."

"కోళ్ళకి మాటెప్పుడొచ్చిందండీ?"

"అదే నేను చెప్పేది!" అన్నాను. ఏం చెప్పానో నాకే తెలియలేదు గానీ చాలామంది తలలూపారు.

తహసీల్దారు గారు నావైపు తిరిగారు. "ఆ వెనక కిటికీ ఉందే, సంఘటన జరిగిన రోజు దానికి గడియ వేసి ఉందా?"

ఇక్కడ నేను నిజం చెప్పి ఉంటే ఈ రాత అవసరమే ఉండేది కాదు. కిటికీ గురించి ఊరంతా నన్ను మెచ్చుకున్నారు. "వేసి ఉందండీ" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించారు. "అయితే జాలీలోంచి చెయ్యి పెట్టి గడియ తీసింది. పిల్లి చేతులు మహా నేర్పయినవి."

"తీసి, కోడిని పట్టుకెళ్ళి, మళ్ళీ గడియ వేసిందా?" అని అడిగారు పిన్నిగారు.

"తెలివైన జంతువమ్మా."

అప్పుడు మా ఆవిడ, "ముంగిసేమోనండీ. మొన్న గోడ మీద ఒకటి కనపడింది" అంది.

"ముంగిసా?" అన్నాను, ఎవరో మా అత్తగారిని అనుమానించినట్టు. "అది ఎదురొస్తేనే శుభం. శుభం చేసే ప్రాణి మనింటి కోడిని తింటుందా?"

ఇక మొదలుపెట్టారు. ముంగిస కనపడిన రోజే తన కూతురికి కాలేజీలో సీటొచ్చిందన్నాడు ఏజెంటు. ముంగిస ఎదురొచ్చాకే తన మోకాలి నొప్పి తగ్గిందంది పాలు తెచ్చే ఆవిడ. పిల్లి సంగతికొస్తే ఒక్కొక్కరికీ ఒక్కో కేసుంది. అది ఎదురైన రోజు ఒకరి బండి పంక్చరు. ఒకరికి వియ్యంకుడితో మాటామాటా. తహసీల్దారు గారికైతే పెన్షన్ ఆగింది. ఎవరి నోటా కోడి మాట రాలేదు.

పిన్నిగారు అందరినీ ఒకసారి చూశారు. "మీకు అది ఎదురొచ్చిందంటే, దానికి మీరూ ఎదురొచ్చినట్టేగా? అది పోయి ఎవరితో చెప్పుకోవాలి?" అన్నారు.

ఆవిడ పిల్లిని ఎత్తి డబ్బాలో పెట్టారు. "అంతమందిలో దొంగ అనిపించుకున్నాక దీన్ని ఈ వీధిలో తిరగనివ్వను. మైలవరంలో మా చెల్లెలింటికి పంపించేస్తాను. మీ కోళ్ళు చల్లగా ఉండాలి బాబూ." బాబూ అన్నది నన్ను. ఇరవై ఏళ్ళుగా అంటున్న మాటే. ఆ రోజు మాత్రం ఇంకెవర్నో పిలిచినట్టుంది.

పిల్లి వెళ్ళిపోయింది. నేను గడియ జాగ్రత్తగా వేస్తున్నాను కాబట్టి మళ్ళీ కోడి పోలేదు. పిల్లి పోయినందుకే పోలేదని కాలనీ అంతా తేల్చింది. మా బావమరిది ఫోన్లో చల్లపల్లి అంతా చాటాడు. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఫోన్ చేసి గూడు తూర్పు ముఖంగా ఉండాలా అని అడిగేవాళ్ళు. ఉండాలనేవాణ్ణి.

పిన్నిగారింట్లో ఎలుకలు దిగాయి. ఒక సాయంత్రం ఆవిడ గోడ మీదుగా మా ఇద్దర్నీ పిలిచి ఒక చీర మడత విప్పి చూపించారు. ఎలుక ఒక్కచోటే కొరికింది. మడతల మీద మడతలు కదా, విప్పితే చీర పొడుగునా వరసగా ఒకే కొలత కన్నాలు, బుటాలు వేసినట్టు.

"కొత్త డిజైను బాబూ. అమ్మాయికి ఒకటి తియ్యమంటారా?"

మా ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను.

అప్పటికింకా కోడిని తిన్నదెవరో నేను కళ్ళతో చూడలేదు, నిజమే. చూడాలనుకోలేదు కూడా. కానీ ఆ తరవాత కొన్నాళ్ళకు చూశాను. పొద్దున్నే గుడ్డు తీసి ఇటుక మీద పెట్టి, స్కూటర్ తాళం కోసం లోపలికెళ్ళి వచ్చేసరికి, ముంగిస ఇటుక వైపు కూడా చూడకుండా గూటి వెనక నిటారుగా నిలబడి ఉంది. ముందు కాళ్ళు రెండూ కిటికీ మీద. ఇంకా గడియ వెయ్యని కిటికీ రెక్క మూతితో ఎత్తి, తల లోపలికి పెట్టి, ఒక గుడ్డు పట్టుకుని దిగింది. చాలా రోజులుగా చేస్తున్న పనిలా ఉంది. నన్ను చూసి ఆగింది. ఎదురుగా వచ్చింది. కుడి నుంచి ఎడమకు దాటింది.

నేను దణ్ణం పెట్టాను.

చేతులు దించాక గానీ నేనేం చూశానో నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏం చేశాను? కిటికీకి గడియ వేసి, ఈ రోజు శకునం బాగుందని ఆఫీసుకు వెళ్ళాను. దానికి నేను గుడ్డు పెట్టడం కూడా మానలేదు. కార్తీకమాసంలో ఇంట్లో గుడ్డు తినరు కాబట్టి రెండేసి పెట్టాను.

నాగులచవితి పొద్దున ఆడవాళ్ళందరూ ఖాళీ స్థలంలో పుట్ట దగ్గర చేరారు. కంప కొట్టి దారి చేసినందుకు నేనూ తహసీల్దారు గారూ అక్కడే ఉన్నాం. పసుపు చల్లారు, చలిమిడి, చిమ్మిలి పెట్టారు. మా ఆవిడ పిన్నిగారికి మా గుడ్డు ఒకటి ఇవ్వబోయింది.

"వద్దమ్మాయ్, కొట్లో కొనుక్కొచ్చుకున్నాను. మీ గుడ్డు ముట్టుకుంటే మళ్ళీ ఎవరిమీద పడుతుందో."

ఆవిడే ముందు పాలు పోసి పుట్ట కన్నంలోకి గుడ్డు జారవిడిచారు. లోపల ఏదో దాన్ని అందుకుంది.

"స్వామి తీసుకున్నాడు!" అని ఒకావిడ చేతులెత్తింది. అందరూ చెంపలు వేసుకున్నారు. కన్నంలోంచి ముందు పాలు కారాయి. తరవాత పాలతో తడిసిన ముంగిస తల వచ్చింది. అది చుట్టూ ఉన్న చీరల్ని చూసి, దులుపుకుని, గుడ్డుతో సహా కంపలోకి పోయింది. దాని కాళ్ళ తోపుకు కన్నం అంచున గుప్పెడు ఈకలు బయటపడ్డాయి. నల్లవి, చివర్లు తెల్లవి. మా ఆవిడ ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుంది.

ముంగిస కాపురమున్న పుట్టలో పాము ఉండదు. ఎన్నేళ్ళ నుంచి మేము ముంగిసకు పాలు పోస్తున్నామో ఎవరికీ తెలియదు. తహసీల్దారు గారే తేల్చారు.

"నాగేంద్రుడే ముంగిస రూపంలో వచ్చాడు."

"ముంగిస పాముకు పగదండీ" అంది ఒకావిడ.

"దేవుడికి రూపం అడ్డమా అమ్మా? పైగా మారువేషానికి అంతకంటే మంచిదేముంది?" ఆయన నా భుజం తట్టారు. "మీ కోడి స్వామికి చేరింది. అదృష్టవంతులు."

అందరూ నన్ను అభినందించారు. అప్పుడు పిన్నిగారు, చెంబు చేత్తో పట్టుకునే, "మరి మా పిల్లి?" అన్నారు.

అందరూ నావైపు చూశారు. ఫిర్యాదుదారుణ్ణి నేనే కదా. చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. సాక్ష్యం మా ఆవిడ అరచేతిలోనే ఉంది. "పాలు ఒలికిపోతున్నాయి పిన్నిగారూ, చూసుకోండి" అన్నాను.

కోడిని చంపింది పిల్లే, స్వామి అందుకున్నాడంతే అని తహసీల్దారు గారు సర్దేశారు. నేనన్న మాట తలుచుకుంటే నాకు ఈ రోజుకీ ముఖం చెల్లదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఈకను తులసికోట మీద పెట్టి, నన్ను ఒక్కటే అడిగింది. "ఆ నల్లది నిజంగా గుడ్లు మానేసిందా?" మొత్తం చెప్పేశాను. ఆవిడ అరవలేదు. "దాన్ని తిండి దండగన్నానండీ నేను" అని వంటింట్లోకి వెళ్ళింది.

ఆ సాయంత్రం పిన్నిగారింటికి వెళ్ళాను. ఆవిడ కొరికిన చీరకు రఫ్ఫు చేస్తున్నారు. గుడ్డు, ఇటుక, గడియ, అన్నీ చెప్పాను. ఆవిడ సూది ఆపలేదు.

"ఇప్పుడు నాతో ఎందుకు చెబుతున్నారు బాబూ? మా పిల్లి తినలేదని నాకు తెలియదా? దాని పేరు పోయింది మీ పెరట్లో, అంతమంది ముందు. అక్కడ చెప్పండి."

చెబుతానన్నాను. కార్తీక వనభోజనాలు కానిమ్మన్నాను. తరవాత ధనుర్మాసమన్నాను. తరవాత పిల్లల పరీక్షలన్నాను. మాకు పరీక్షలు రాసే పిల్లలు లేరు, కాలనీ పిల్లల పరీక్షలు. ముంగిస మాత్రం రోజూ ఎదురొస్తూనే ఉంది.

మళ్ళీ వేసవి వచ్చింది. జాబితా వచ్చే రోజు ముంగిస ఒకసారి కాదు, రెండుసార్లు దాటింది. మధ్యాహ్నం జాబితాలో నా పేరు ఉంది. మైలవరం.

చేరిన వారంలోనే, భోజనం వేళ, పిన్నిగారి చెల్లెలి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆవిడ నన్ను చూసి, "కోళ్ళాయన మీరేనా?" అన్నారు. పెరట్లో గడ్డివాము నీడన పిల్లి పడుకుని ఉంది. దాని కడుపు మీద రెండు కోడిపిల్లలు ఎక్కి నిద్రపోతున్నాయి. మూడోది చెవి పొడుస్తోంది. పిల్లి చెవి విదిలించి మళ్ళీ కళ్ళు మూసుకుంది.

"మా కోళ్ళకు అదే కాపలా అండీ" అన్నారావిడ. "గద్ద వస్తే లేచి నిలబడుతుంది."

నేను ఆ గడ్డి పక్కనే చాలాసేపు కూర్చున్నాను. ఆ రోజు ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళాను.

పిన్నిగారితో ఫోన్లో మాట్లాడి, సాయంత్రం పిల్లిని చేతిసంచిలో పెట్టుకుని బస్సెక్కాను. కొండపల్లి దాకా సంచి నన్ను తిట్టింది. కండక్టరు, "చంటిపిల్లా సార్?" అని అడిగాడు. "పెద్దదే, మా మనిషే" అన్నాను.

ఆదివారం నేనే కుర్చీలు వేసి అందర్నీ పెరట్లోకి పిలిచాను. పిన్నిగారు పిల్లిని ఎత్తుకుని నిలబడ్డారు. గూటి ముందు నిలబడి గడియ సంగతి, గుడ్డు సంగతి, నేను చెప్పిన అబద్ధం, ఏదీ దాచకుండా చెప్పాను. ఏజెంటు కళ్ళు తుడుచుకున్నాడు.

తహసీల్దారు గారు లేచి నన్ను కౌగిలించుకున్నారు. "ఎంత మనసండీ మీది! ఒక ముసలావిడ బాధ చూడలేక, నోరు లేని జీవం మీది మాట మీ మీద వేసుకుంటున్నారు."

"వేసుకోవడం కాదండీ, నిజంగానే నేను..."

"మీలాంటి చదువుకున్నవారు ముంగిసకు గుడ్డు పెడతారంటే ఎవరు నమ్ముతారండీ?"

"పెట్టారండీ!" అంది మా ఆవిడ. "రోజూ పెట్టారు. నేను ఆ పెట్టను అన్యాయంగా తిట్టాను."

"చూశారా, ఆవిడ కూడా ఎలా వెనకేసుకొస్తున్నారో" అన్నాడు ఏజెంటు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ కొట్టారు. చల్లపల్లికి ఆ కబురు వెళ్ళేసరికి నేను పట్టుకున్న దొంగకు క్షమాభిక్ష కూడా పెట్టినవాణ్ణయ్యాను.

పిన్నిగారు ఒక్కరే చప్పట్లు కొట్టలేదు. అందరూ వెళ్ళేదాకా నిలబడి, పిల్లి చెవులు నిమిరి, "అది వింది. దానికి చాలు" అన్నారు. తనకు చాలని అనలేదు.

చల్లపల్లి అరటిపళ్ళు ఆవిడకే ఇచ్చాను. తీసుకున్నారు. ఇప్పుడు ఇటుక మీద గుడ్డు లేదు. కిటికీకి గడియతోపాటు తాళం కూడా ఉంది. పొద్దున్నే నేను మైలవరం బస్సుకని స్కూటర్ తీస్తాను. ఆ చప్పుడు వినగానే పిన్నిగారు గేటు తీసి పిల్లిని వదులుతారు. అది నాకు ఎదురుగా వచ్చి, నడివీధిలో కూర్చుని, పంజా నాకడం మొదలుపెడుతుంది. ఇంజన్ ఆపి, అది దాటేదాకా ఆగుతాను. ఒక్కోరోజు బస్సు పోతుంది.

"ఏం బాబూ," అంటారు పిన్నిగారు గేటు దగ్గర నుంచి, "వెనక్కెళ్ళి మంచినీళ్ళు తాగొస్తారా?"

"అక్కర్లేదండీ" అని, పిల్లి పక్కకు జరిగాక, నేరుగా వెళ్ళిపోతాను.